ఒక్కసారీ పరీక్ష తప్పని టైరు

నేను ఒక కారు టైరును. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి మీది గీతలు ఒక్కటీ చెరగకుండా, పుట్టినప్పటి నూగు కూడా అక్కడక్కడా ఇంకా రాలకుండా ఉంటాను. నాకు తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో మూడు వందల పైచిలుకు పరీక్షలకు వెళ్లాను. ఒక్కదాంట్లోనూ తప్పలేదు. నడిచిన దూరం మాత్రం మొత్తం కూడితే హైదరాబాదు పోయి వచ్చినంత ఉంటుందేమో. నా ఈడు టైరు ఏదైనా ఆ మాత్రం దూరం ఒక్క రోజులో నడిచి, సాయంత్రం బురద కడిగించుకుని, తెల్లారి మళ్లీ బయలుదేరుతుంది.

దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. మనుషులు దీన్నే గొప్ప అనుకుంటారు కాబట్టి ముందుగా చెప్పేశాను.

పుట్టుక గురించి ఎక్కువ సాగదీయను. ఎక్కడో కొండవాలు తోటల్లో చెట్టుకు కత్తితో గాటు పెడితే కారిన పాలు నా రక్తం. అందులో మసి కలిపారు, గంధకం కలిపారు, వెంట్రుకల్లాంటి ఉక్కు తీగలు పేర్చారు. ఇడ్లీ పిండిని రేకుల్లో పోసి ఆవిరి పట్టినట్టు నన్నూ అచ్చులో పెట్టి ఉడికించారు. బయటికి తీశాక ఒక పనివాడు నన్ను ఒళ్లంతా తడిమాడు. బొటనవేలితో నొక్కాడు, గుండ్రంగా తిప్పాడు, లోపలికి దీపం పెట్టి చూశాడు. పురిటి మంచం మీద తల్లి బిడ్డ వేళ్లు లెక్క చూసుకున్నట్టే చూశాడు. ఆ తరవాత చాలా ఏళ్ల దాకా నన్ను అలా చూసినవాళ్లు లేరు.

నా చెక్కిలి మీద నాలుగు అంకెలు అచ్చు గుద్దారు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. అది నా పుట్టిన తేదీ. దాచింది కాదు, ఎవరైనా వంగి చదువుకోవచ్చు. మనుషులు సంబంధం కలుపుకోవాలంటే పిల్ల పుట్టిన గంట, నిమిషం, నక్షత్రం, పాదం అడుగుతారు. కడుపున పుట్టినవాళ్లందరినీ ఎక్కించుకుని పరుగెత్తే టైరు ఏ సంవత్సరం పుట్టిందో అడిగినవాణ్ణి నేను చూడలేదు.

నన్నూ, నా తోడబుట్టిన ముగ్గుర్నీ మొదట కొన్నది చలమయ్య గారని ఒక ఎరువుల కొట్టు ఆసామి. టైర్లు తెచ్చి పిచ్చయ్య మేస్త్రి షెడ్డులో దించిన రోజునే సిద్ధాంతి గారెవరో ఆయన కారు రంగు ఆయన రాశికి పడదని చెప్పారట. కారు పాతబడింది, బ్రేకులు సరిగా లేవు అని మేస్త్రి ఏడాది నుంచి చెబుతున్నా వినని మనిషి, రంగు పడదనగానే వారంలో అమ్మేశాడు. కొత్తగా కొన్న కారుకు మా సైజు సరిపోలేదు. మమ్మల్ని షెడ్డులోనే వదిలేసి పోయాడు. మళ్లీ మా మొహం చూడలేదు.

పిచ్చయ్య మేస్త్రి షెడ్డు పెద్దరోడ్డు పక్కన ఉంది. బండ్ల ఆఫీసుకు కిలోమీటరు దూరం. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఆఫీసు వాళ్లు ఇది మా సంగతి కాదంటారు, పక్క జిల్లా ఆఫీసు వాళ్లు కూడా ఎందుకైనా మంచిదని మా సంగతి కాదంటారు. అద్దెకు తిరిగే బండ్లన్నీ ఏడాదికోసారి ఆ ఆఫీసుకు పోయి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తామని కాగితం తెచ్చుకోవాలి. దాన్ని ఎఫ్‌సీ అంటారు. కాగితం ఇచ్చే ఆయన్ని మా వైపు బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. ఆయన బ్రేకు తొక్కి చూడగా నేను చూడలేదు. కాలి బూటుతో నన్నొక తన్ను తన్నుతాడు. నేను గట్టిగా ఉంటాను. అంతే, పాసు.

మమ్మల్ని పరీక్షలకే వాడుకోవాలన్న ఆలోచన మేస్త్రికి వచ్చింది కూడా అక్కడే. ఒక టాక్సీ అతను గీతలన్నీ అరిగిపోయిన గుండు టైర్లతో పరీక్షకు పోయి తిట్లు తిని తిరిగొచ్చాడు. మేస్త్రి మమ్మల్ని నలుగుర్నీ దానికి బిగించి పంపాడు. గంటలో పాసై వచ్చింది. మమ్మల్ని విప్పి, దాని గుండు టైర్లు దానికి తగిలించి, పో నాయనా అన్నాడు. ఆ రోజు నుంచి మేం రోడ్డు టైర్లం కాదు, మా సైజు పట్టే బండ్లన్నిటికీ పరీక్ష టైర్లం. మాకు తోడు ఒక జత లైట్లు, రెండు వైపర్లు, ఒక హారను, ఎర్రగా నిండుగా కనబడే, లోపల ఏమీ లేని నిప్పు ఆర్పే సీసా, అడుగున ఊదారంగు మందు ఎండిపోయిన మందుల డబ్బా. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకున్నట్టు బండి ఇవన్నీ పెట్టుకుని పోతుంది, సిగ్గుపడకుండా వస్తుంది, విప్పి ఇచ్చేసి వెళ్లిపోతుంది. దాంట్లో ఎక్కేవాళ్లు మాత్రం కాగితం అద్దానికి అంటించి ఉంది కదా అని నిశ్చింతగా నిద్రపోతారు. ఎనభైలో పోయే బండిలో మీ బిడ్డ కిటికీకి తల ఆనించి నిద్రపోతోందనుకోండి. కింద గుండు టైరు ఉందనుకోండి. నేను రోజూ అనుకుంటూ ఉంటాను. మీరెందుకు అనుకోరో నాకు తెలియదు.

ఒకసారి ఒక డ్రైవరు పరీక్ష అయ్యాక మమ్మల్ని తిరిగి ఇస్తూ మా తమ్ముడి బదులు మరో టైరు పెట్టి పోయాడు. మోసానికి మోసం ఎదురైతే మేస్త్రికి ఎంత నీతి పుట్టుకొచ్చిందో చూడాల్సింది. లోకంలో నమ్మకమనేదే లేకుండా పోయిందని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తమ్ముణ్ణి వెతికి తెచ్చాక, దసరాకి స్పానర్లకూ జాకీలకూ పూజ చేస్తూ, మా నలుగురి చెక్కిళ్ల మీద ఎర్ర రంగుతో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాడు. మధ్యలో తెల్ల చుక్క. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. అది కాపలా.

అంతటితో ఆగినా బాగుండేది. మనిషి తప్పు చేసి ఊరుకోలేడు, దానికి ఫ్లెక్సీ కట్టుకోవాలి. మా వైపు కాలేజీల వాళ్లు ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలతో రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కడతారు. అది చూసి మేస్త్రికీ సరదా పుట్టింది. షెడ్డు ముందు గోడ నిండా ఒక ఫ్లెక్సీ వేయించాడు. 'మా షెడ్డు ఆణిముత్యాలు. మొదటి ప్రయత్నంలోనే పాస్.' కింద ఆరు వరసల్లో ఇరవైనాలుగు బండ్ల ఫోటోలు, పక్కవాటుగా, తళతళలాడుతూ. ఒక్కో బండి కింద నంబరు, యజమాని పేరు. మూలన ఫోను చెవి దగ్గర పెట్టుకుని మేస్త్రి ఫోటో. ఆ ఇరవైనాలుగు ఫోటోల్లోనూ ఎడమ ముందు చక్రం నేనే. నా బొట్టు స్పష్టంగా కనబడుతూనే ఉంది. దాని కింద నిలబడి టీ తాగినవాళ్లు వేలమంది. ఒక్కరూ చూడలేదు.

ఇక ఆ తెల్ల బండి సంగతి.

ఏడు సీట్ల బండి, పదమూడేళ్ల పాతది. దానితో నేను ఏడు సార్లు పరీక్షకు వెళ్లాను. రోగిని మోసిన మంచానికి తెలిసినంతగా దాని రోగాలు నాకు తెలుసు. బ్రేకు తొక్కితే పాదం తడి బట్టలోకి దిగినట్టు దిగుతుంది. వదిలేస్తే ఎడమవైపుకు ఈడుస్తుంది. వెనక సీటు కింద పట్టా ఎత్తితే రేకు తుప్పు పట్టి, రోడ్డు కనబడుతుంది. అంత బండికి పదకొండు ఎఫ్‌సీ కాగితాలు, పదకొండూ పాసు. యజమాని దాన్ని మేస్త్రి ద్వారా అమ్మకానికి పెట్టాడు. మర్నాడు మళ్లీ పరీక్ష ఉంది కాబట్టి మేస్త్రి మమ్మల్ని ముందు రోజే దానికి బిగించాడు. పరీక్షకూ పనికొస్తాం, కొనేవాళ్ల కంటికీ బాగుంటాం.

ఆ రోజే పదింటికి తల్లీకూతుళ్లు వచ్చారు.

కూతురు శేషారత్నం. పాతికేళ్లుంటాయి. డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, వాళ్ల ఊరి పిల్లలు పదిమందిని టౌను బడికి తీసుకెళ్లి తీసుకొస్తానని తల్లిదండ్రులకు మాటిచ్చింది. బడులు తెరవడానికి నాలుగు రోజులే ఉంది. ఆలోగా బండి లేకపోతే వాళ్లు వేరే వ్యానులో కుదుర్చుకుంటామన్నారు. ఆమె మొహం మీద ఆ నాలుగు రోజులూ కనబడుతున్నాయి.

తల్లి మస్తానమ్మ. మిరపకాయల తొడాలు తీసి తీసి వేళ్ల చివర్లు ఎర్రబారిన మనిషి. కొంగు చివర ఏదో ముడి వేసుకుని, సంచిలో నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. నిజం చెబుతున్నాను, మొదట ఆమెను చూసి నాకు రోత పుట్టింది. భయమే ప్రాణంగా బతికే మనిషి. బండి చుట్టూ మూడు సార్లు తిరిగి మొదట అడిగిన ప్రశ్న ఇది.

"ఈ బండిలో ఎవురన్నా చచ్చిపోయారా మేస్త్రీ?"

మేస్త్రి పకపకా నవ్వాడు. "ఇదేమన్నా ఆసుపత్రి బండా అమ్మా?"

"చావాలంటే ఆసుపత్రి బండే గావాల్నా."

సీట్లు వాసన చూసింది. తలుపులన్నీ లోపలి నుంచి తోసి చూసింది. గ్యాసు బుడ్డి ఏదైనా దాచి పెట్టారా అని డిక్కీలో తల దూర్చింది. కాలువలో పడితే అద్దాలు ఎట్లా పగలగొట్టాలని అడిగింది. శేషారత్నానికి తల కొట్టేసినట్టయింది.

"అమా, ఇక ఊరుకుంటావా. బాబాయ్, నువ్వు పట్టిచ్చుకోమాక. మా అమ్మ కుక్కరు పెట్టినా రెండు గదులవతలికి పోయి నిలబడిద్ది."

"పక్కింటోళ్ల కుక్కరు పేలింది గదా," అంది మస్తానమ్మ.

మేస్త్రికి ఇలాంటి వాళ్లను ఎట్లా కూర్చోబెట్టాలో తెలుసు. లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి, పదకొండు కాగితాలూ ఆమె ఒడిలో పరిచాడు. "చదువుకో అమ్మా. పదకొండేళ్లు. ఒక్క సారంటే ఒక్క సారి ఫెయిలవలా. ఇంతకంటే ఏం గావాలి?"

మస్తానమ్మ చదివింది ఏడో తరగతి. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో కాగితం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. తేదీలు సరిగ్గా ఉన్నాయా, నంబరు ఒకటేనా, మధ్యలో ఏ ఏడైనా ఎగిరిపోయిందా అని చూసింది. అన్నీ ఉన్నాయి. పదకొండూ చదివాక ఆమెకు ధైర్యం రావాలి. ఆమె మొహం ఇంకా పాలిపోయింది.

"ఒక్కసారన్నా ఫెయిలవలేదా?" అంది.

"అదేగా చెప్పేది."

"పదకొండేళ్లు బిడ్డకి ఒక పడిశం రాలా, ఒక దగ్గు రాలా, ఒళ్లు వెచ్చబడలా అంటే నేను నమ్మను మేస్త్రీ. బిడ్డ గట్టోడు అనుకోను. తల్లి ఏందో దాస్తందనుకుంటా."

"అమా, ఇది బిడ్డ కాదే. బండి."

"ఎక్కేది బిడ్డలే గదా."

మేస్త్రి నవ్వు కొంచెం తగ్గింది. నాకు కూడా ఆమె మీది రోత కొంచెం తగ్గింది. తొమ్మిదేళ్లలో ఇలాంటి కాగితాలు చదివిన ప్రతి మొగవాడూ, ఒక లెక్కల మేష్టరుతో సహా, పాసు పాసు అని చూసుకుని తృప్తిపడ్డాడు. అన్నీ పాసే ఎందుకున్నాయని భయపడ్డది ఈమె ఒక్కతే.

శేషారత్నం బండెక్కి ఇంజను స్టార్టు చేసి చూస్తోంది. మస్తానమ్మను స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా ఫ్లెక్సీ. ఆమెకు వేరే చూడటానికి ఏమీ లేదు. పై వరస చూసింది, కింద వరస చూసింది, లేచి దగ్గరికి పోయింది. చీరలో దారం తెగిన చోటు వెతికినట్టు వేలితో ఒక్కో ఫోటో తడుముతూ పోయింది. తరవాత వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. ఫ్యాక్టరీలో దీపం పెట్టి చూసినవాడి చూపు అది.

"ఈ బండ్లన్నిటికీ ఎడం పక్క బొట్టుందేంది మేస్త్రీ?"

"దసరా పూజ చేసినప్పుడు పెడతామమ్మా."

"అందరికీ ఒక పక్కే పెడతారా? ఆ రంగు ఒలికి, కింద తోకలాగా జారింది. ఇరవైనాలుగు బండ్లకీ అట్టాగే జారిందా?"

మేస్త్రి ఏదో పనున్నట్టు జాకీ తీసుకుని అవతలికి పోయాడు. మస్తానమ్మ చేతులు కడుక్కోవాలని షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. అక్కడ నాలుగు గుండు టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఏ బండివి ఆ బండికి మళ్లీ తగిలించాలి కదా, కలిసిపోకుండా మేస్త్రి వాటి మీద సుద్దముక్కతో బండి నంబరు రాస్తాడు. ఆ విషయంలో చాలా నిజాయితీపరుడు. మస్తానమ్మ కళ్లజోడు సర్దుకుని ఆ నంబరు ఒక్కో అంకె పైకి చదవడం నాకు ఇటువైపు వినబడింది. చివరి అంకె చదివాక మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఆమె తిరిగొచ్చి అరవలేదు. కూతురి పక్కన నిలబడి, "దీని టైర్లు వెనక ఉండయ్యే. కడుపులో తీగలు కనపడతన్నయ్యి," అంది.

శేషారత్నం ఇంజను ఆపింది. "ఏంది బాబాయ్ ఇది?"

మేస్త్రికి సిగ్గనేది వేస్తుందేమోనని నేను కూడా చూశాను. వేయలేదు. పట్టుబడ్డ మనిషి రెండు రకాలు. ఒకడు ఏడుస్తాడు. ఇంకొకడు ఔదార్యం చూపిస్తాడు. మేస్త్రి రెండో రకం.

"ఏ షెడ్డుకి పోయినా ఇంతేనమ్మా, నేనొక్కణ్ణే చేసేది కాదు. సరే, మీరు పిల్లల్ని తిప్పేవాళ్లు. ఈ నాలుగు కొత్త టైర్లూ బండితోనే ఉంచేస్తా. విప్పను. బ్రేకులు కూడా సాయంత్రానికి సరిచేయిస్తా. ఇంక భయమేంది?"

శేషారత్నం మొహం వెలిగింది. కొత్త టైర్లు, ఎఫ్‌సీ, నాలుగు రోజుల్లో బడులు. బండి దిగి, తల్లి భుజం పట్టుకుని ఊపింది. "చూశావా అమా. నువ్వు అడగబట్టేగా ఇచ్చింది. మంచిదే అయింది."

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఇంతసేపూ అందరినీ ఈసడించుకుంటూ వచ్చాను, నా గురించి చెప్పకుండా దాటేస్తే మేస్త్రికీ నాకూ తేడా ఉండదు.

నేను కొత్తదాన్ని కాదు. కొత్తదానిలా కనబడతాను. తొమ్మిదేళ్లు రేకుల షెడ్డులో, వేసవిలో ఉడుకుతూ, వానాకాలం ముక్కిపోతూ గోడకు ఆనుకుని ఉన్నాను. నడిచే టైరు అరుగుతుంది కానీ మెత్తగా ఉంటుంది. నడవని టైరు లోపల రాయిలా బిగుసుకుపోతుంది. నా చెక్కిలి లోపలి వైపు సన్నని పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా. కిలోమీటరు దూరం, ఎద్దుబండి వేగంతో ఆఫీసుకు పోయి రావడానికి నేను చాలు. ఎండాకాలం తారు రోడ్డు మీద, పదిమంది పిల్లల బరువుతో, అరవైలోనో డెబ్భైలోనో పోతే ఏదో ఒక రోజు పేలిపోతాను. ఎప్పుడని చెప్పలేను. వెనక ఉన్న గుండు టైర్ల కన్నా నేనే ప్రమాదం. వాటిని చూస్తే మనిషి జాగ్రత్తపడతాడు. నన్ను చూస్తే నమ్ముతాడు.

మస్తానమ్మ నా పక్కన గొంతుక్కూర్చుంది. నా పుట్టిన తేదీకి ఆమె ముక్కు జానెడు దూరంలో ఉంది. అది తేదీ అని ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. గోటితో నన్ను నొక్కి చూసింది.

"రాయిలాగుంది," అంది.

"గట్టిగా ఉంటేనే గదమ్మా మన్నేది," అన్నాడు మేస్త్రి.

ఆమె లేచి నిలబడింది. కూతురి మొహం చూసింది. వద్దంటే కారణం చెప్పాలి, చెప్పడానికి ఆమె దగ్గర కారణం లేదు. టైర్లు ఇచ్చేశాడు, కాగితాలున్నాయి, బ్రేకులు చేయిస్తానన్నాడు. వద్దంటే కూతురి బతుకుతెరువు తనే చెడగొట్టినట్టవుతుంది. ఆమె చేతి వేళ్లు కొంగు ముడి విప్పుతున్నాయి, మళ్లీ కడుతున్నాయి. నాకైతే ఇక అయిపోయిందనిపించింది.

అప్పుడు మేస్త్రి భార్య రత్తమ్మ వచ్చింది. ఇల్లు షెడ్డు పక్కనే. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇవ్వడానికి చెంబుతో వచ్చింది. వెంట ఇద్దరు మనవరాళ్లు, సెలవులకు వచ్చినవాళ్లు. మస్తానమ్మ మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అంది.

"సరే మేస్త్రీ. తీసుకుంటాం. ముందు నువ్వొకసారి వదిన్నీ, ఈ పిల్లల్నీ ఎక్కిచ్చుకుని టోలుగేటు దాకా పోయిరా. ఎనభైలో పోవాల. మేము ఈడే కూసుంటాం."

"దానికేం భాగ్యం," అంది రత్తమ్మ, పాపం, సంతోషంగా. "బండెక్కి ఎన్నాళ్లయిందో. నలభై ఏళ్లు కాపరం చేసినా ఈయన నన్ను ఒక్క బండి ఎక్కిచ్చిన పాపాన పోలా. పదండే."

మనవరాళ్లు అప్పటికే తలుపు తీశారు. చిన్నది కిటికీ పక్క సీటు నాదంటే నాదని పెద్దదాన్ని తోసి ఎక్కింది. రత్తమ్మ చెంబు పక్కన పెట్టి, చీర సర్దుకుని, ముందు సీట్లో కూర్చుంది. సరిగ్గా నా నెత్తిన. ముగ్గురి బరువూ నా మీదికి దిగింది. ఏమంత బరువు కాదు. అయినా లోపల పగుళ్లు కదిలాయి.

మేస్త్రి తాళం చెవి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు ఎండగా ఉందిలే," అన్నాడు.

"అద్దాలుండయ్యిగా," అంది రత్తమ్మ.

"నాకు పనుంది."

"పావుగంట గదా అన్నా," అంది మస్తానమ్మ. మొదటిసారి అన్నా అని పిలిచింది.

చిన్నది లోపల నుంచి హారను నొక్కింది. అది పరీక్ష హారనే, బాగా మోగింది. శేషారత్నం తల్లిని చూడటం మానేసి మేస్త్రినే చూస్తోంది. మేస్త్రి ఒక అడుగు ముందుకు వేశాడు. నా వైపు చూశాడు. తొమ్మిదేళ్లలో బొట్టు కోసం కాక, నా కోసం నన్ను చూడటం అదే మొదలు. నా వయసు ఆ షెడ్డులో తెలిసినవాడు అతనొక్కడే.

"దిగండి," అన్నాడు.

"ఏందయ్యా నువ్వు, ఎక్కినోళ్లని..."

"దిగవే. పిల్లల్ని దించు ముందు." గొంతు మారిపోయింది. తనే తలుపు లాగి, చిన్నదాన్ని చంక పట్టుకుని దించాడు. అది ఏడుపు లంకించుకుంది. రత్తమ్మ దిగి మొగుడి మొహం చూసి, చెంబు తీసుకుంది.

బ్రేకు ఇన్‌స్పెక్టర్లు పదకొండేళ్లలో రాయనిది 'దిగండి' అన్న ఆ ఒక్క మాట రాసేసింది. శేషారత్నం కాగితాల కవరు తీసి మేస్త్రి స్పానర్ల పెట్టె మీద పెట్టింది. తల్లిని పిలవకుండానే రోడ్డు వైపు నడిచింది. మస్తానమ్మ వెనకాలే పరుగులాంటి నడకతో పోతూ, "నెత్తిన గుడ్డ కప్పుకోవే, వడదెబ్బ తగిలిద్ది," అంటోంది. గెలిచిన మనిషిలా ఏమీ లేదు. కూతురికి బండి లేకుండా చేశానన్న భయం అప్పుడే పట్టుకున్నట్టుంది.

ఆ తరవాత మేస్త్రి మారాడా అని మీరు అడుగుతారు. మారాడు. పెట్రోలు గుడ్డతో మా నలుగురి బొట్లూ తుడిచేశాడు. ఫ్లెక్సీ దించి, ఎదురు నుంచి మాత్రమే తీసిన ఫోటోలతో కొత్తది కట్టాడు. మనుషులు తప్పు దిద్దుకోవడమంటే ఇదే. తెల్ల బండి మర్నాడు పన్నెండోసారి పాసైంది, నేనే తీసుకెళ్లాను. వారం తరవాత దాని గుండు టైర్లతో దాన్ని ఎవరో కొనుక్కుపోయారు. మేస్త్రి మనవరాళ్లు సెలవులు అయిపోయి బస్సులో వెళ్లిపోయారు. ఆ బస్సు టైర్లు ఎలాంటివో మేస్త్రి వెళ్లి చూసుకుని వచ్చాడని రత్తమ్మ ఎవరికో చెప్పగా విన్నాను.

బడులు తెరిచి పది రోజులు గడిచాక, ఒక ఉదయం షెడ్డు ముందు ఒక నీలం వ్యాను ఆగింది. ఈ వైపు గాలి పట్టే మిషను మా దగ్గర ఒక్కటే, లేకపోతే వాళ్లు వచ్చేవాళ్లు కాదు. స్టీరింగు దగ్గర శేషారత్నం. వెనక ఎనిమిది మంది పిల్లలు, పదిమంది కాదు. మిగిలిన ఇద్దర్నీ ఆలస్యమైందని వేరే వ్యానులో కుదిర్చేశారట. పిల్లల మధ్య ఒదిగి మస్తానమ్మ. రోజూ పోతుందట, మిరపకాయల పని కూడా మధ్యాహ్నానికి మార్చుకుందట.

గాలి పైపు తీసుకుని మేస్త్రి తల ఎత్తకుండా వంగాడు. మస్తానమ్మ దిగి, అతని భుజం మీది నుంచి మీటరు చూసింది.

"దీనికి కాగితాలు బానే ఉండయ్యా?" అన్నాడు మేస్త్రి, ఏదో ఒకటి అనాలని.

"రెండు సార్లు ఫెయిలయింది," అంది మస్తానమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో ర్యాంకొచ్చిన పిల్ల తల్లి గర్వం. "ఒకసారి బ్రేకులకి, ఒకసారి లైట్లకి. మళ్లీ చేయిచ్చి తీసకపోయిన బిల్లులు కూడా ఉండయ్యి. ఐనా నాకు భయమే అనుకో. ఆ వెనక తలుపు గడియ నాకు నచ్చలా."

నేను గోడకు ఆనుకుని ఆ వ్యాను ముందు చక్రాన్ని చూశాను. సగం అరిగింది. ఒక చోట అతుకు. గీతల్లో కంకర ఇరుక్కుంది, పక్కన పేడ అంటుకుంది. అందంలో నాకు సాటి రాదు. ఏ ఫ్లెక్సీలోనూ దాని ఫోటో వేయరు. మూడు వందల పరీక్షలు పాసైన నేను దాన్ని పలకరిద్దామనుకున్నాను. ఏమని పలకరించాలో తోచలేదు.

అది కూడా నన్ను పలకరించలేదు. మేస్త్రి గాలి పైపు తీశాడు. మస్తానమ్మ ఎక్కి, గడియ రెండు సార్లు లాగి చూసింది. ఆ టైరు నా ముందు నుంచే ఒక చుట్టు తిరిగి, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. దానికి బడి వేళయింది.